గది చప్పుడు

"మీరు ఈ పని ఎన్నాళ్లుగా చేస్తున్నారు?" అని పొడుగమ్మ గంభీరంగా అడిగేసరికి అత్తకి నవ్వాగలేదు.

"ఎవర్నే మీరంటున్నావు? నా దువ్వెన ఎక్కడ పడేశావు అని పొద్దున్నే కదా నా మీద ఎగిరావు!"

"అత్తా, కెమెరా నడుస్తోంది! కెమెరా ముందు నువ్వు మా అత్తవి కాదు, జిరాక్స్ గది ఉద్యోగివి. మళ్లీ మొదట్నుంచి చేద్దాం."

"సరేనండీ," అంది అత్త, ఏప్రన్ సర్దుకుని.

పొడుగమ్మ అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. తొమ్మిదో తరగతికే గుమ్మం తలకి తగిలేంత ఎదిగింది. ఇంట్లో పెట్టిన ఆ పేరు ఆమెతోపాటే బడిదాకా నడిచొచ్చేసింది. వాళ్ల నాన్నకి అక్క అయిన ఈ అత్త, అదే బళ్లో పందొమ్మిదేళ్లుగా జిరాక్స్ గదిలో పని చేస్తోంది. పిల్లలకీ టీచర్లకీ కూడా ఆమె జిరాక్స్ అక్కే. ఇల్లు ఒకటే, బడి ఒకటే. మధ్య దారిలో మాత్రం మేనకోడలు పది అడుగులు ముందు నడుస్తుంది. ఆ వయసు అలాంటిది.

ఆ ఏడు బళ్లో మీడియా అని కొత్త సబ్జెక్టు పెట్టారు. లెక్కలూ సైన్సూ చదివినట్టే వార్త ఎలా తయారవుతుందో, ఫొటో ఎలా నమ్మిస్తుందో చదవాలి. పబ్లిక్ పరీక్షలో దానికీ మార్కులున్నాయి. చెప్పడానికి వచ్చిన మీడియా మేడం జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని వచ్చింది. వారం తిరక్కుండా పొడుగమ్మ జుట్టులోకీ ఒక పెన్సిలు వచ్చి చేరింది. మేడం ఏం చెప్పినా ఆ పిల్లకి వేదమే.

మొదటి ప్రాజెక్టు, 'పని చేసే మనిషి'. మూడు నిమిషాల సినిమా. మిగతావాళ్లు డాక్టర్లనీ పోలీసుల్నీ వెతుక్కుంటూ పోయారు. పొడుగమ్మ, మేడం రాసిచ్చిన అనుమతి కాగితం పట్టుకుని గురువారం మధ్యాహ్నం జిరాక్స్ గదికి వచ్చింది. అత్త ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది.

"ఇవాళా? ఇవాళ టెన్త్ వాళ్ల లెక్కల పేపరు తీస్తున్నానే. రేపు రాకూడదూ?"

"రేపు కెమెరా వేరేవాళ్ల వంతు. నేను టెన్త్ కాదుగా అత్తా, ఆ లెక్కలు చూసినా నాకు బుర్రకెక్కవు."

అత్త ఒప్పుకుంది. ఈ పిల్ల అడిగితే ఎప్పుడు కాదంది కనక!

తర్వాత పని మొదలైంది. అత్త కాగితాల కట్ట విప్పి, నాలుగు పక్కలా బల్లకి తట్టి, చెవి దగ్గర పెట్టుకుని పేకముక్కల్లా గలగలలాడించింది. అతుక్కున్న కాగితాలుంటే ఆ చప్పుడులో తెలిసిపోతుందట. మెషీన్ మూత ఎత్తి ప్రశ్నపత్రం పెట్టేటప్పుడు కళ్లు పక్కకి తిప్పుకుంది.

"మీరు చదవరా?"

"చదివితే నోటికొస్తుంది, నోటికొచ్చింది ఎక్కడో ఒకచోట జారుతుంది. ఇన్నేళ్లలో ఒక్క పేపరు చదివిన పాపాన పోలేదు. బయటికొచ్చేవి బోర్లా వస్తాయి, బోర్లానే కట్ట కట్టి సీలేస్తాను."

"ప్రశ్నపత్రం ఇవ్వమని మిమ్మల్ని ఎవరైనా అడిగారా? ఎప్పుడైనా ఇచ్చారా?"

"అడక్కుండా ఉంటారా? ఒకసారి ఒకావిడ కొడుకు కోసం వచ్చి నా కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. నాకూ ఏడుపొచ్చేసింది. ఇద్దరం ఇక్కడే కూర్చుని కరువుతీరా ఏడ్చాం. కాగితం మాత్రం ఇవ్వలేదు."

పొడుగమ్మకి ఒళ్లు పులకరించింది. ఈ ఒక్క మాట చాలు, సినిమా గట్టెక్కినట్టే. అత్త అలమర దగ్గరికి కొత్త కట్ట కోసం వెళ్లింది. మెషీన్ ఒక్కో కాగితాన్నీ బోర్లా వదులుతోంది. తెరమీద చూస్తే అంతా తెలుపే, జీవం లేదు. అక్షరాలుంటే బాగుంటుంది కదా అనిపించి, పొడుగమ్మ చెయ్యి చాపి పైకాగితాన్ని వెల్లకిలా తిప్పింది. నాలుగు సెకన్లు తీసింది. హడావుడిగా మళ్లీ కట్టలో దోపేసింది.

అత్త తిరిగొచ్చింది. కట్ట సర్దుతుంటే పైనుంచి మూడో కాగితం తిరగబడి కనిపించింది. దాన్ని సరిచేసి, మేనకోడలి వైపు ఒకసారి చూసి, కాగితాలన్నీ మొదట్నుంచి మళ్లీ లెక్కపెట్టింది. లెక్క సరిపోయింది.

"అయిపోయిందా?"

"ఇంకొక్కటి. గది చప్పుడు కావాలి."

ప్రతి గదికీ దాని నిశ్శబ్దం దానికుంటుందని మేడం చెప్పింది. ఒక చోట ఫ్యాను హోరు, ఒక చోట వీధి రొద. సినిమాలో ముక్కలు అతికినప్పుడు అతుకు వినపడకుండా ఆ చప్పుడే కింద పరుస్తారు. అందుకని చివర్న అరనిమిషం మనిషిని మాట్లాడకుండా కూర్చోబెట్టి తీయాలి.

"నేను చెయ్యి ఎత్తుతాను. దించేదాకా మాట్లాడకూడదు. కదలకూడదు."

పొడుగమ్మ చెయ్యెత్తింది. అత్త మొదట ఫొటో దిగుతున్నట్టు నిటారుగా కూర్చుంది. కాసేపటికి గడియారం చూసింది. గుటక మింగింది. నవ్వొస్తుంటే పెదవులు బిగబట్టి తల దించుకుంది. వేళ్లకంటిన నల్లపొడిని ఏప్రన్‌కి తుడుచుకుంది. ఎవరైనా వస్తారేమోనని తలుపు వైపు చూసింది. ఉన్నచోట ఊరికే కూర్చోవడం ఆమెకి చేతనైన పని కాదు. చెయ్యి దిగగానే, "హమ్మయ్య, పురిటి నొప్పులు నయమే!" అంది.

సోమవారం టెన్త్ లెక్కల పరీక్ష అయింది. సాయంత్రానికల్లా బడంతా గుప్పుమంది. ఎప్పుడూ సున్నా చుట్టూ తిరిగే పదిమంది మొదటి రెండు పెద్ద ప్రశ్నలకీ అచ్చు గుద్దినట్టు ఒకే జవాబు రాశారు, కొట్టివేతలతో సహా. పేపరు ముందే బయటికి పోయింది. ఎవరు? ఇంకెవరు, జిరాక్స్ గదే కదా, అన్నారు స్టాఫ్‌రూమ్‌లో.

"మా అత్త పేపరు చదవను కూడా చదవదు," అని పొడుగమ్మ క్లాసులో ముగ్గురితో పోట్లాడింది. అప్పటికీ ఆ నాలుగు సెకన్లు ఆమెకి గుర్తుకు రాలేదు. మనం తీసేది బొమ్మ అనుకున్నప్పుడు అందులో ఏముందో మనకే కనపడదు.

ఆ సాయంత్రమే మీడియా మేడం వరండాలో కలిసింది.

"నీ మెమొరీ కార్డు ఇలా ఇవ్వు. నీ సినిమా నేనే ఎడిట్ చేస్తాను. బుధవారం బడి వార్తల్లో ముందు నీదే వేద్దాం."

నెలకోసారి హాల్లో అందరికీ చూపించే వార్తలవి. తొమ్మిదో తరగతి పిల్ల పని వాటిలోకి ఎక్కడం అదే మొదలు. పొడుగమ్మ ఎగిరి గంతేసింది.

"మేడం, మా అత్త మాటలు బాగా వచ్చాయి. అవి వింటే అందరికీ నిజం తెలిసిపోతుంది."

"అందుకేగా. దీనికి ఇంకెక్కడైనా కాపీ ఉందా?"

"మీడియా క్లాసు కంప్యూటర్లో ఉంది మేడం."

ఇంట్లో అన్నయ్య లాప్‌టాప్‌లో కూడా ఉందని చెప్పేలోపు మేడం ఫోన్ మోగింది. తీసింది ఏదైనా అదే రోజు రెండు చోట్ల దాచుకోవాలన్నది మేడం మొదటి పాఠమే.

బుధవారం పొడుగమ్మ అత్తని బలవంతాన హాలుకి లాక్కొచ్చింది. "నాకెందుకే, పనుంది," అంటున్నా వినలేదు. ఏప్రన్ తీయించింది, తనే జుట్టు దువ్వింది, వెనక వరసలో చివరి కుర్చీలో కూర్చోబెట్టింది. "చూస్తూ ఉండు, ఈ దెబ్బతో అందరి నోళ్లూ మూతపడతాయి," అని చెవిలో చెప్పి వెళ్లి తన క్లాసులో కూర్చుంది.

తెర వెలిగింది. మెషీన్ వెలుతురు ఇటు నుంచి అటు కదిలింది. అత్త వేళ్లు కాగితాలు గలగలలాడించాయి. 'మన ప్రశ్నపత్రాలు ఎంత భద్రం?' అని అక్షరాలు పడ్డాయి. తన సినిమాకి ఆ పేరు లేదే అని పొడుగమ్మ అనుకుంటుండగానే తన గొంతు వినిపించింది.

"ప్రశ్నపత్రం ఇవ్వమని మిమ్మల్ని ఎవరైనా అడిగారా? ఎప్పుడైనా ఇచ్చారా?"

తెర నిండా అత్త మొహం. జవాబు లేదు. గడియారం చూసింది. గుటక మింగింది. పెదవులు బిగబట్టి తల దించుకుంది. నల్లబడ్డ వేళ్లు తుడుచుకుంది. దొంగచూపులు చూస్తున్నట్టు తలుపు వైపు చూసింది. మెషీన్ హోరు తప్ప హాల్లో ఏమీ వినపడలేదు. తర్వాత వెనక బెంచీల్లోంచి "ఓ..." అని మొదలై హాలంతా పాకింది. కుర్రాళ్లు వెనక్కి తిరిగి చూశారు. టీచర్లు కూడా తిరిగారు.

పొడుగమ్మ లేచి నిలబడింది. కాళ్లు పట్టుకున్న ఆవిడ ఏది? ఇద్దరూ కూర్చుని ఏడ్చింది ఏది? తెర మీద చివర్న 'కెమెరా' అని తన పేరు పడింది. హాజరుపట్టీలో ఉండే పూర్తి పేరే.

జనాన్ని తోసుకుంటూ వెనక్కి వెళ్లేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. అత్త వరండా చివర కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటోంది. చేతులు శుభ్రంగానే ఉన్నాయి. అయినా రుద్దుతోంది.

"అత్తా..."

అత్త కుళాయి కట్టేసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నువ్వే కదే మాట్లాడొద్దన్నావు," అంది.

ఆ మధ్యాహ్నమే ప్రిన్సిపాల్ అత్తని పిలిపించి, శుక్రవారం తాళంచెవి అప్పగించి వెళ్లమంది. విచారణలో అడిగిన ఏ ఒక్కదానికీ ఆమె సరైన జవాబు చెప్పలేదట. పోయిన గురువారం పేపరు తీసేటప్పుడు ఆ గదిలోకి ఎవరొచ్చారంటే ఎవరూ రాలేదందట, సినిమా అంతకుముందే తీశారందట.

గురువారం ఇంటర్వెల్‌లో పొడుగమ్మ మీడియా గది తలుపు కొట్టకుండానే లోపలికి వెళ్లింది. మేడం ఒక్కతే ఉంది.

"మా అత్త జవాబు ఎందుకు కోసేశారు మేడం?"

"కూర్చో."

"అది గది చప్పుడు మేడం. అందుకోసం తీసింది. మీరే తీయమన్నారు."

"నేను అబద్ధం ఒక్కటి కూడా చేర్చలేదు. ప్రశ్న నీదే, మనిషి ఆమే. రెండూ పక్కపక్కన పెడితే మధ్యలో ఏం ఊహించుకుంటారో అది చూసేవాళ్ల ఇష్టం. మొన్న పాఠంలో చెప్పాను కదా."

ఆ పాఠం పొడుగమ్మకి కంఠతా వచ్చు. పరీక్షలో పదికి పది తెచ్చుకుంది. దాన్ని ఇంటి మనిషి మీద ప్రయోగిస్తారని ఎలా తెలుస్తుంది? కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"ఎందుకు మేడం?" అంది మళ్లీ.

మేడం లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. గొంతు తగ్గించింది.

"నీ క్లిప్పుల్లో ఇరవై మూడోది నువ్వు సరిగ్గా చూసుకున్నావా? కాగితం తిప్పావు. నాలుగు సెకన్లు. ఆపి చూస్తే రెండు ప్రశ్నలు పొల్లుపోకుండా చదువుకోవచ్చు. ఈ కంప్యూటర్ మీద టెన్త్ వాళ్లూ కూర్చుంటారు. వాళ్లు చదువుకున్నారు. నాకు సోమవారం తెలిసింది, చెరిపేశాను. ప్రిన్సిపాల్ చూస్తే ఏమయ్యేదో తెలుసా? నిన్ను బళ్లోంచి పంపేసేవాళ్లు. నీ పేరు బయటికి రాకుండా చూశాను."

పొడుగమ్మ తన చేతుల్ని చూసుకుంది. తన చెయ్యే. అత్త కాదు, ఇంకెవరో కాదు, తనే.

"దీన్ని ఇక వదిలెయ్. ఈ సినిమాని బడుల పోటీకి నీ పేరుతోనే పంపిస్తున్నాను. అందరికీ మంచిది."

అందరికీ అన్నప్పుడు మేడం చూపు బల్లమీదికి పోయింది. అక్కడ అనుమతి కాగితాల పుస్తకం ఉంది. పరీక్ష పేపర్లు తీసే రోజున ఆ గదిలోకి కెమెరా పంపింది ఎవరో ఆ పుస్తకంలో సంతకంతో సహా ఉంటుంది. పోయిన గురువారం తేదీ దగ్గర మాత్రం నకలు కూడా చింపేసిన అంచు మిగిలింది. పొడుగమ్మ దాన్ని చూసింది. ఏడుపు అక్కడికక్కడ ఆగిపోయింది. మేడం కాపాడింది పొడుగమ్మనొక్కదాన్నే కాదు, తనని తాను కూడా అని తెలిసిపోయింది. ఇంతగా నమ్మిన మనిషి ఎదురుగా నిలబడి, మోసం చేస్తూ దానికి ప్రేమ అని పేరు పెడుతోంది.

జుట్టులోంచి పెన్సిలు లాగి బల్లమీద పెట్టింది. ముడి విడిపోయి జుట్టంతా మొహం మీద పడింది. ఆ వాలకంతోనే బయటికొచ్చేసింది.

సాయంత్రం ఇంట్లో లాప్‌టాప్ తెరిచి ఇరవై మూడోది చూసింది. మెషీన్ హోరు. తెల్లకాగితాలు. ఎర్రపట్టీ గడియారం పెట్టుకున్న సన్నటి చెయ్యి. తిరగబడ్డ కాగితం. ఆపితే అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. పక్కగదిలో అత్త ఏప్రన్ ఉతికి ఇస్త్రీ చేస్తోంది. తిరిగిచ్చేది ఎలాగూ శుభ్రంగా ఇవ్వాలట.

"అత్తా. కాగితం తిప్పింది నేనే."

"తెలుసు," అంది అత్త, ఇస్త్రీ ఆపకుండా. "మూడోది తిరగబడి ఉంది."

"మరి చెప్పలేదేం? ఎవరూ రాలేదని ఎందుకన్నావు?"

"చెప్తే నిన్ను ఉంచుతారా? నాకు పందొమ్మిదేళ్లయింది, చాలు. నీకింకా తొమ్మిదో తరగతే."

"అలా ఎలా అత్తా? తప్పు నాదైతే..."

"నువ్వు కావాలని చేశావా ఏంటి?" అత్త ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "ఉద్యోగం పోతే పోనీవే. కానీ అంతమంది ముందు నన్ను దొంగలా కూర్చోబెట్టారు చూడు. నేను జవాబు చెప్పాను కదే. నువ్వున్నావు కదా ఎదురుగా. నేను చెప్పలేదూ?"

"చెప్పావత్తా."

"మరి?" అని, ఆ మడత పడ్డ ఏప్రన్‌నే మళ్లీ విప్పి ఇస్త్రీ చేయడం మొదలుపెట్టింది.

శుక్రవారం పొద్దున్న ఇద్దరూ పక్కపక్కనే నడిచి బడికి వెళ్లారు. పొడుగమ్మ చంకలో లాప్‌టాప్, అత్త చేతిలో మడతపెట్టిన ఏప్రన్ ఉన్నాయి. "అదెందుకే?" అని అత్త దారిలో రెండుసార్లు అడిగింది.

ప్రిన్సిపాల్ గదిలో మీడియా మేడం అప్పటికే కూర్చుని ఉంది. పోటీ కాగితాల మీద సంతకాలకి వచ్చినట్టుంది. అత్త ఏప్రన్ జేబులోంచి తాళంచెవి తీసి బల్లమీద పెట్టబోయింది.

"ఆగత్తా," అంది పొడుగమ్మ. "ప్రిన్సిపాల్ మేడం, రెండు క్లిప్పులున్నాయి. రెండూ కలిపి నిమిషం కూడా ఉండవు."

"అదెక్కడిది?" అంటూ మీడియా మేడం సగం లేచింది.

"రెండు చోట్ల దాచుకోమన్నారు కదా మేడం."

ఇరవై మూడోది నడిచింది. ప్రిన్సిపాల్ అద్దాలు సర్దుకుని ముందుకి వంగింది. తెరమీది ఎర్రపట్టీ గడియారాన్ని చూసింది, తర్వాత లాప్‌టాప్ పట్టుకున్న మణికట్టుని చూసింది.

"ఈ చెయ్యి నీదా?"

"నాదేనండీ. మా అత్త అలమర దగ్గరికి వెళ్లినప్పుడు తిప్పాను. ఆమె తిప్పొద్దనే చెప్పేది, అడిగుంటే. నేనే అడగలేదు. తర్వాత క్లాసు కంప్యూటర్లో పెట్టాను."

"ఇది నిజమైతే నువ్వు మీడియా క్లాసులో ఉండవు. శిక్ష ఇంకా పెద్దదే కావచ్చు. తెలిసే చెప్తున్నావా?"

"తెలుసండీ."

రెండోది మొదలైంది. తన గొంతే వినిపించింది: 'నేను చెయ్యి ఎత్తుతాను. దించేదాకా మాట్లాడకూడదు. కదలకూడదు.' తర్వాత అత్త నిటారుగా కూర్చుంది. గడియారం చూసింది.

"మేడం, దీన్ని నేను వివరంగా చెప్తాను, అసలు ఎడిటింగ్‌లో..." అని మీడియా మేడం అందుకుంది.

పొడుగమ్మ చెయ్యెత్తింది. ఎందుకెత్తిందో ఆమెకే తెలీదు, అలవాటుగా లేచింది. మీడియా మేడం ఆగిపోయింది. ఆ గదిలో అరనిమిషం ఫ్యాను హోరు, తెరలోంచి మెషీన్ హోరు తప్ప ఏమీ లేవు. తెరమీద అత్త నవ్వు బిగబట్టుకుంది. నవ్వేనని ఇప్పుడు ఎవరికైనా తెలుస్తుంది. చివర్న 'హమ్మయ్య, పురిటి నొప్పులు నయమే!' అని వినపడగానే ప్రిన్సిపాల్ అద్దాలు తీసి బల్లమీద పెట్టింది. మీడియా మేడం వైపు చాలాసేపు చూసింది. తర్వాత అత్త వైపు తిరిగింది.

"మీరేమైనా చెప్తారా?"

అత్త మేనకోడలి వైపు చూసింది. పొడుగమ్మ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. ఆ పిల్ల అది అప్పుడే చూసుకుంది. చెయ్యి దించింది.

"ఇంక మాట్లాడత్తా."

"నేను ఆ ప్రశ్నకి జవాబు చెప్పానండీ," అంది అత్త. "అది హాల్లో వేయండి. మొన్న ఎంతమంది ఉన్నారో అంతమందినీ కూర్చోబెట్టి వేయండి."

అని, చేతిలోని తాళంచెవిని మళ్లీ ఏప్రన్ జేబులో వేసుకుంది.